పదిహేడు అంగుళాల చక్రాలు

శుక్రవారం వచ్చిందంటే మా ఇంట్లో టైర్ల గొడవ మొదలయ్యేది. ఆ రోజు మా ఆయనకు సెలవు. ఆయన గల్ఫ్‌లో ఒక కంపెనీలో స్టోర్ కీపరు. నేను మలికిపురంలో మా అత్తగారితో ఉంటూ, రాజోలు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో ఫోన్ మోగేది.

"ఇదిగో, రాసుకో. రెండొందల అయిదు, నలభై అయిదు, పదిహేడు. ఎలా ఉంది?"

"ఎలా ఉన్నావని అడగరేంటండీ ముందు?"

"ఆయ్, ఎలా ఉన్నావు? సరే, ఇప్పుడు చెప్పు, సైజు ఎలా ఉంది?"

కారు కొన్నది ఆయనే. రెండేళ్ళ కిందట సెలవుకి వచ్చినప్పుడు ఎవరో వాడిన ఎర్ర కారు ఒకటి తెచ్చారు. చూడ్డానికి చిన్నదే కానీ మహా పొగరుబోతు. మూడో గేరులో కాస్త గట్టిగా నొక్కితే వీపు సీటుకి అతుక్కుపోతుంది. నలభై రోజులు దాంట్లో తిరిగి, తాళాలు నా చేతిలో పెట్టి విమానం ఎక్కేశారు. అప్పటికి నాకు స్కూటీ తప్ప ఏమీ రాదు. "నేర్చుకో. ఊరికే పడుంటే బ్యాటరీ పోద్ది" అన్నారు. బ్యాటరీ కోసమని నేర్చుకున్నాను. నెల తిరిగేసరికి ఆ బండి లేకపోతే నాకు తోచని స్థితి వచ్చింది. అసలే కుదురులేని మనిషిని. ఇంట్లో కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే మా అత్తగారు, "ఏదో ఒకటి కొనుక్కురావడానికి వెళ్ళిరామ్మా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి" అనేవారు. కొనాల్సిందేమీ లేకపోయినా రాజోలు దాకా వెళ్ళి, కొత్తిమీర కట్ట తెచ్చేదాన్ని.

ఇక టైర్ల సంగతి. టైరు పక్కన మూడు అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది టైరు గోడ ఎత్తు, ఆ వెడల్పులో ఎంత శాతమో చెబుతుంది. మూడోది లోపలి చక్రం అడ్డుకొలత, అంగుళాల్లో. మిల్లీమీటర్లు, శాతం, అంగుళాలు, మూడూ ఒకే వరసలో! ఈ కొలతల పద్ధతి తయారుచేసిన మహానుభావుణ్ణి బెంచీ ఎక్కించాలనిపించింది. మా కారుకి కంపెనీ ఇచ్చింది నూట ఎనభై అయిదు, అరవై అయిదు, పదిహేను. లెక్క కడితే టైరుతో కలిపి చక్రం మొత్తం ఎత్తు ఆరువందల ఇరవై ఒక మిల్లీమీటర్లు. ఆయన చెప్పే పదిహేడుకి ఆరువందల పదహారు. దాదాపు సమానమే కాబట్టి స్పీడు చూపించే ముల్లు అబద్ధమాడదు. కానీ లోపలి చక్రం పెద్దదైతే రబ్బరు తగ్గుతుంది కదా. గోడ ఎత్తు నూట ఇరవై నుంచి తొంభై రెండుకి దిగింది. అంటే రోడ్డుకీ ఇనుముకీ మధ్య అంగుళం పైచిలుకు రబ్బరు పోయినట్టు.

"మన రోడ్లు గుర్తున్నాయా మీకు?" అన్నాను.

"ఎందుకు గుర్తుండవు?"

"కాలవ గట్టు మీద గోతులు? ధాన్యం ఆరబోసి చుట్టూ పేర్చే రాళ్ళు? చీకటి పడ్డాక ధాన్యం ఎత్తేసి రాళ్ళు అక్కడే వదిలేస్తారు, అదీ గుర్తుందా?"

"అవన్నీ చూసుకుని నడపాలే. బండి బండిలా కనబడాలా, వద్దా?"

"ఎవరికి కనబడాలండీ? నడిపేది నేను!"

అలా అరిచాను గానీ, నాకూ మనసులో లేకపోలేదు. ఒకసారి అమలాపురం గడియార స్తంభం దగ్గర మా కారులాంటిదే ఒకటి పదిహేడు అంగుళాల నల్ల చక్రాలతో ఆగి ఉంది. దూకడానికి వంగినట్టుంది. దాని చుట్టూ రెండుసార్లు తిరిగాను. ఓనరు కాబోలు, షాపులోంచి బయటికొచ్చి, "ఏమన్నా కావాలాండీ?" అని అడిగితే సిగ్గుతో చచ్చిపోయి, "ఏం లేదండీ, మా ఆయనకి చెప్దామనీ" అని వచ్చేశాను. ఆ శుక్రవారం ఆ ముచ్చటంతా ఆయనకి చెప్పాను కూడా.

ఇంతకీ ఈ సైజుల మీద నేనంత ప్రాణం పెట్టడానికి వేరే కారణం ఉంది. మా ఆయన పదహారేళ్ళుగా అక్కడే ఉన్నారు. ఖాయంగా వచ్చేస్తానని నాలుగుసార్లు చెప్పారు. నాలుగుసార్లూ ఏదో ఒకటి అడ్డం పడింది. ఒకసారి ఇంటి స్లాబు, ఒకసారి ఆడపడుచు పెళ్ళి, ఒకసారి కొత్తగా వచ్చిన మేనేజరు, ఒకసారి ఊరికే. ఈసారి మాత్రం ఆయనే, "ముందు చక్రాలు పంపిస్తాను, వాటి వెనకే నేను" అన్నారు. ఆ మాట పట్టుకుని వేలాడాను. టైరు సైజు తేలిపోతే ఆయన రాక కూడా తేలిపోతుందని ఒక పిచ్చి పట్టింది. ఆయన వెడల్పు గురించి చెబుతుంటే నా చెవి మాత్రం "నేను వచ్చేక" అన్న ముక్క కోసం కాచుకుని ఉండేది. ఆ ముక్క వినబడని వారం ఎవరి మీద పడితే వాళ్ళ మీద విసుక్కునేదాన్ని.

చక్రాలు అక్కడే కొంటానన్నారు. ఆయన గదిలో ఉండే స్నేహితుడికి సరిగ్గా మా కారే ఉందట. పేరూ అదే, మొహమూ అదే, వెనక లైట్లు కూడా అవే. దాని పక్కన కూర్చుని ఆయన కొలతలు తీసేవారు. ఇక్కడ నేను వాకిట్లో పాత దుప్పటి పరుచుకుని, కారు కింద తల పెట్టి, చక్రానికీ రేకుకీ మధ్య సందు స్కేలుతో కొలిచేదాన్ని. వెడల్పు చక్రం వేస్తే బయటికి ఎంత పొడుచుకొస్తుందో, లోపల ఏమన్నా తగులుతుందో చూడాలి. బయటికి రెండు సెంటీమీటర్లు వస్తుందని తేలింది. సందులో సరిపోతుంది. మా అత్తగారు అరుగు మీద నుంచి, "కింద ఏం పారేసుకున్నావే?" అని అడిగారు.

"మీ అబ్బాయి కోసం వెతుకుతున్నానండీ" అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వారు.

మా వైపు గల్ఫ్ ఇళ్ళలో ఒక అలవాటుంది. సెలవుకి వచ్చే మనిషి సామాను చేతిలో తెచ్చుకుంటాడు. ఖాయంగా వచ్చేసే మనిషి ముందే కార్గోలో పెట్టె వేసేస్తాడు. అందుకని ఎవరింటి ముందు పెద్ద పెట్టె దిగినా వీధి వీధంతా దాని బరువు అంచనా వేస్తుంది. మా ఇంటికి దిగిన పెట్టెని ఇద్దరు మనుషులు మోయలేక ఆపసోపాలు పడ్డారు. ఎదురింటావిడ గేటు దగ్గరే నిలబడి, "ఆయ్, ఇంత బరువంటే ఇంక వచ్చేస్తున్నట్టేనండీ" అని తీర్పు చెప్పేసింది. విప్పితే నాలుగు చక్రాలు. నల్లగా, అంచుకి సన్నటి వెండి గీతతో. ఒక్కోదానికి ఒక్కో దుప్పటి చుట్టి, మధ్య ఖాళీల్లో ఖర్జూరం, సబ్బులు, పాలపొడి డబ్బాలు కుక్కారు. టైర్లు ఇక్కడ కొనుక్కోవాలి. నేను ఒక ఖర్జూరం నోట్లో వేసుకుని, చక్రం ఒళ్ళో పెట్టుకుని, అక్కడే కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే.

మర్నాడే నాలుగింటినీ కారులో వేసుకుని అమలాపురం వెళ్ళాను. అక్కడ టైర్లు అమ్మి, చక్రాలు బిగించే షాపుంది. ఓనరుకి యాభై దాటుంటాయి, మహా మర్యాదస్తుడు. ఒక చక్రం ఎత్తి చూశారు. కింద పెట్టారు. నా కారు చూశారు. మళ్ళీ చక్రం చూశారు. తర్వాత నాకు కుర్చీ వేయించి, టీ చెప్పారు. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. మా వైపు చెడ్డ మాట టీ లేకుండా చెప్పరు.

"చక్రం చాలా బాగుందండీ మేడంగారూ."

"గల్ఫ్ నుంచండీ. మా ఆయన పంపించేరు."

"ఆయ్. అడ్డుకొలతలూ అవీ అన్నీ కరెక్టేనండీ. ఎవరో బాగా లెక్క చూసేరు."

"నేనేనండీ."

ఆయన మొహం ఇంకా ఇబ్బందిగా అయిపోయింది. "మరేం లేదండీ... మన బండి చక్రానికి బోల్టులు నాలుగండీ. వీటికి కన్నాలు అయిదండీ."

తల తిప్పి నా కారు చూశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగే. ఆ దేశంలో అమ్మే కారుకి పేరు ఇదే గానీ ఇంజను పెద్దదనీ, దానికి అయిదు బోల్టులనీ ఆయన మెల్లగా వివరించారు. నాకు సగం మాటలు వినబడలేదు. నలభై మంది పిల్లలకి లెక్కలు చెప్పేదాన్ని. మిల్లీమీటరులో పదో వంతు దాకా కట్టాను. నెలల తరబడి నా కారు చక్రం పక్కన పడుకుని కూడా నాలుగు దాకా లెక్కపెట్టుకోలేకపోయాను. నన్ను బెంచీ ఎక్కించాలి!

"మధ్యలో ఏదన్నా వేసి బిగించడం అవ్వదాండీ?"

"ప్లేటు వేసి బిగించేవాళ్ళు ఉన్నారండీ. నేను మాత్రం వెయ్యనండీ. మీరు బోడసకుర్రు వంతెన మీద ఎనభైలో వెళ్తున్నారంటే నాకిక్కడ కాళ్ళూ చేతులూ ఆడవండీ."

నాలుగు చక్రాలూ మళ్ళీ కారులో వేసుకుని వచ్చేశాను. దారంతా ఒకటే గుబులు. మా ఆయన సంగతి నాకు తెలుసు. ఒక్క పని మిగిలిపోయిందంటే చాలు, దాన్ని పట్టుకుని ఇంకో ఏడాది ఉండిపోతారు. "అయ్యో, ఉండు, నేనిక్కడే మార్పించి పంపిస్తాను" అంటారు. ఆ మార్పించడం ఎప్పటికవుతుందో, ఈలోపు కంపెనీవాళ్ళు ఏం చెబుతారో! నలభై మూడేళ్ళొచ్చాయి నాకు. అయిదోసారి కూడా "మీ ఇష్టమండీ" అనే ఓపిక నాలో లేదు.

శుక్రవారం ఫోన్ మోగింది. "పట్టేయా?"

"ఆయ్. బ్రహ్మాండంగా పట్టేయండీ."

ఆ అబద్ధం అంత గబుక్కున ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఫోటో పంపమన్నారు. అదో యాతన. వాకిట్లోకి చక్రాలు దొర్లించుకొచ్చి, పాత చక్రం మీద కొత్తదాన్ని ఆనించాను. కింద ఇటుక పెడితే సరిగ్గా మధ్యకి వచ్చింది. దాని చుట్టూ పాత టైరు అంచు పలచగా కనబడుతూ, అచ్చం పదిహేడు అంగుళాల చక్రానికి టైరు తొడిగినట్టే ఉంది. మా అత్తగారు మెట్ల మీద కూర్చుని అంతా చూశారు.

"ఏంటమ్మా ఇది?"

"ఫోటోకండీ."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించారు. "వెనకదానికి ఇటుక బయటికి కనబడుతోంది, లోపలికి తొయ్యి" అన్నారు.

ఫోటో చూసి ఆయన పొంగిపోయారు. "ఇప్పుడుంది బండి!" అన్నారు. అదే ఊపులో తేదీ చెప్పేశారు. ఇంకో మూడు వారాలు. ఆ మూడు వారాలూ నేను మనిషినే కాదు. బోర్డు మీద ఒక లెక్క మొదలుపెట్టి ఇంకోటి ముగించేదాన్ని. చక్రాలు కొబ్బరికాయల షెడ్డులో దుప్పటి కప్పి దాచాను. రోజుకి నాలుగుసార్లు వెళ్ళి ఉన్నాయో లేవో చూసేదాన్ని. ఎవరెత్తుకుపోతారు నా మొహం! వచ్చాక చూస్తారు, తిడతారు, తిట్టనీ. వచ్చాకే కదా.

రాజమండ్రి దగ్గరి మధురపూడి విమానాశ్రయానికి నేనే బండి తీసుకెళ్ళాను. మధ్యాహ్నం ఎండలో ఆయన బయటికొచ్చారు. చిన్న బ్యాగు ఒక్కటే. పెద్ద సామాను కార్గోలో వేశారేమోనని సర్దిచెప్పుకున్నాను. ఆయన నన్ను చూసి నవ్వి, నేరుగా చక్రాల దగ్గరికి వెళ్ళారు. ఆగిపోయారు. ఒక చక్కర్ కొట్టి వచ్చారు.

"ఇవి పాతవి కదా?"

"కన్నాలు అయిదండీ. మనకి నాలుగు."

"మరి ఫోటో?"

"ఇటుక పెట్టి తీసేను."

తిడతారనుకున్నాను. బ్యాగు వెనక పడేసి పక్క సీట్లో కూర్చున్నారు. రావులపాలెం దాటాం. కొత్తపేటలో టీకి ఆపితే గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా ఊరుకున్నారు. మళ్ళీ బయల్దేరాక, కాలవ పక్కన వస్తుంటే నోరు విప్పారు.

"నేనూ ఒకటి దాచేను. తిరుగు టిక్కెట్టుంది. నలభై రోజులు."

నా చేతుల్లో స్టీరింగు ఉందన్న సంగతి మర్చిపోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాను. "ముందు చక్రాలు, వెనక నేను అన్నారు. అన్లేదా?"

"అన్నాను. అన్నప్పుడు నిజమే. తర్వాత కంపెనీవాళ్ళు ఇంకో రెండేళ్ళకి కాంట్రాక్టు రాసేరు. నువ్వు ఫోన్లో అంత సంతోషంగా ఉంటే ఎలా చెప్పమంటావు?"

"మరి రానప్పుడు చక్రాలెందుకు పంపేరు?"

"నీకోసమే. గడియార స్తంభం దగ్గర ఆ కారు చుట్టూ తిరిగేనన్నావుగా. ఎలాగూ నడిపేది నువ్వేగా అనీ..."

కారు గట్టు పక్కకి తీసి ఆపేశాను. ఒళ్ళు మండిపోయింది. ఆయన నాకు బహుమతి పంపిస్తే, నేను దాన్ని ఆయన రాకకి గుర్తని గుండెలకి హత్తుకుని కూర్చున్నాను. పదహారేళ్ళలో ఆయన ప్రతి ప్రయాణానికీ నేను చెప్పిన మాట ఒకటే, "మీ ఇష్టమండీ." పెద్ద మర్యాద! లోపల ఏడుస్తూనే పైకి ఆ మాట అనేదాన్ని. ఆయన కూడా అది నిజంగా ఆయన ఇష్టమేననుకుని వెళ్ళిపోయేవారు. ఆ రోజు నా వల్ల కాలేదు.

"వెళ్ళకండి" అన్నాను. "నాకు ఏ చక్రాలూ వద్దు. వెళ్ళకండి."

ఆయన కాలవ వైపు తిరిగారు. ఒక పడవ పోయింది. "పద, అమ్మ భోజనం చెయ్యకుండా చూస్తుంటుంది" అన్నారు. అంతే. అవునని గానీ, కాదని గానీ అనలేదు.

ఇంకోసారి అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన మాత్రం ఇంట్లో పనులన్నీ చేయడం మొదలుపెట్టారు. కారుతున్న కుళాయి బాగుచేశారు. మోటారు విప్పి బిగించారు. మా అత్తగారి మంచం నులక బిగించారు. గల్ఫ్ మగాళ్ళు వెళ్ళిపోయే ముందు ఇలాగే అన్నీ చక్కబెడతారు. కుళాయి కారడం ఆగినందుకు నాకు కోపం వచ్చేది. ఆఖరి వారంలో అమలాపురం షాపుకి కూడా నన్ను తీసుకెళ్ళారు. ఓనరుగారు అయిదు కన్నాల చక్రాలు ఉంచుకుని, నాలుగు కన్నాలవి పదహారు అంగుళాలవి చూపించారు. టైరు నూట తొంభై అయిదు, యాభై అయిదు. మనసులోనే లెక్క కట్టాను. ఎత్తు సరిగ్గా ఆరువందల ఇరవై ఒకటి. గోడ కూడా మన గోతులకి సరిపోయేంత ఉంది. ముందు బోల్టు కన్నాలు లెక్కపెట్టి, ఆ తర్వాత సరేనన్నాను. ఇద్దరు మగాళ్ళూ నవ్వారు. వెళ్ళే ముందు ఇది కూడా చక్కబెడుతున్నారు కాబోలనుకుని నేను నవ్వలేదు.

నలభయ్యో రోజు వచ్చింది. విమానం మధ్యాహ్నం. ఆయన్ని దింపడానికి నేనెప్పుడూ వెళ్ళను, చూడలేను. అద్దె కారులో వెళ్తారు. పొద్దున్నే, "నువ్వు కాలేజీకి వెళ్ళు, ఆలస్యమవుద్ది" అన్నారు. ఆయన మొహం చూడకుండా వెళ్ళిపోయాను. మొదటి పీరియడ్‌లో ఒకే లెక్క రెండుసార్లు తప్పు చేశాను. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. రెండో పీరియడ్ ఎలా గడిచిందో తెలియదు. భోజనాల బెల్లు కొట్టగానే ఒంట్లో బాగాలేదని సెలవు చీటీ రాసిచ్చి కారు తీశాను. కొత్త చక్రాలు రోడ్డుని గట్టిగా పట్టుకున్నాయి. ఏ మలుపులోనూ తూలలేదు. అంత బాగా నడుస్తున్న బండి మీద ఆ రోజు నాకు అసహ్యమేసింది. ఇంటికెళ్ళి ఏం చూస్తాను? మంచం మీద మడతపెట్టిన లుంగీ.

గేటు తెరిచే ఉంది. లుంగీ ఆయన ఒంటి మీద ఉంది. వాకిట్లో పీట వేసుకుని కూర్చుని, పాత చక్రాలకి పట్టిన మట్టి బ్రష్షుతో కడుగుతున్నారు. నన్ను చూసి, "ఏంటి, అప్పుడే వచ్చేసేవు?" అన్నారు.

"టైమెంతయిందండీ?"

"రెండు దాటుంటుంది."

"మీ విమానమో?"

"వెళ్ళిపోయుంటుంది."

చేతిలో ఉన్న బ్యాగు కింద పడేశాను. "మరి ఆ ముక్క నాతో చెప్పొద్దా! పొద్దున్నించీ ప్రాణం ఉగ్గబట్టుకుని చస్తున్నానక్కడ! మొన్న చెప్పొచ్చు, నిన్న చెప్పొచ్చు, ఇవాళ పొద్దున్నైనా చెప్పొచ్చు కదా!"

ఆయన బ్రష్షు ఆపి, నిజంగానే అర్థం కానట్టు నా వైపు చూశారు.

"నువ్వు వెళ్ళొద్దన్నావుగా" అన్నారు. "ఇంకేం చెప్పాలి?"